ఏసీఎల్ తెగితే ‘నెలలో ఆపరేషన్, మూడు నెలల్లో కబడ్డీ’: ఈ మెసేజ్ నమ్మకండి

మన గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అమలాపురం, రాజోలు, భీమవరం, ఎక్కడ చూసినా కబడ్డీ ఆడే కుర్రాళ్ళు ఒకరికొకరు పంపుకుంటున్నారు. అందులో ఉన్నది ఇదీ: మోకాలిలో ఏసీఎల్ (తొడ ఎముకనీ కాలి ఎముకనీ కలిపి పట్టి ఉంచే లిగమెంట్, అంటే గట్టి పట్టీ) తెగితే నెల తిరక్కుండా ఆపరేషన్ చేయించాలి, ఇప్పుడు తెగిన లిగమెంట్‌నే కీహోల్‌లో (చిన్న రంధ్రాల గుండా) కుట్టేస్తున్నారు, తొడ నరం తీసి వేసే పాత పద్ధతికి ఒప్పుకుంటే కాలు చచ్చుబడుతుంది, కొత్త పద్ధతిలో మూడు నెలలకే కోర్టులో దిగొచ్చు. ఒక్క కుట్టు మాటే సగం నిజం, మిగతావి తప్పు.

ముందు ఆ నెల గడువు సంగతి. మోకాలు బూరెలా ఉబ్బి, కాలు పూర్తిగా చాపలేని స్థితిలో ఆపరేషన్ చేస్తే ఆ కీలు శాశ్వతంగా బిగుసుకుపోయే ప్రమాదం ఉంది, అందుకే చాలామంది సర్జన్లు వాపు తగ్గి కాలు చాపడం వచ్చేదాకా కొన్ని వారాలు వ్యాయామం చేయిస్తారు. పైగా ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువత మీద చేసి 2010లో ప్రచురించిన పరిశోధనలో సగం మందికి త్వరగా ఆపరేషన్ చేశారు, మిగతావాళ్ళకి వ్యాయామంతో మొదలుపెట్టి అవసరమైతేనే చేశారు. రెండేళ్ళకి రెండు గుంపుల ఫలితాలూ దాదాపు ఒకటే. వ్యాయామంతో మొదలుపెట్టిన వాళ్ళలో సుమారు సగం మంది ఐదేళ్ళయినా ఆపరేషన్ దాకా వెళ్ళలేదు. అలాగని అందరూ ఆగమని కాదు. కబడ్డీలో రైడింగ్‌కి వెళ్ళే కుర్రాడికీ, కొబ్బరి చెట్టెక్కే దింపు కార్మికుడికీ, చేను గట్టు మీద నడుస్తుంటే మోకాలు పట్టు తప్పుతున్న రైతుకీ లెక్క వేరు. అలా పదే పదే పట్టు తప్పితే లోపల ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరుగుతుంది, అప్పుడు తాత్సారం పనికిరాదు. కీలు పూర్తిగా తప్పి పాదం చల్లబడిందంటే మాత్రం అది గంటల్లో తేలాల్సిన వ్యవహారం, రాత్రయినా సరే పెద్దాసుపత్రికి పరిగెత్తండి.

కుట్టడం మాటకొస్తే, ఏసీఎల్ ఉండేది కీలు లోపలి ద్రవంలో. అక్కడ రక్తం గడ్డ నిలవదు కాబట్టి తెగిన కొసలు వాటంతట అవి సరిగా అతుక్కోవు. 1970లలోనే కుట్టి చూశారు, కొన్నేళ్ళకే చాలా మోకాళ్ళు మళ్ళీ వదులయ్యాయి. ఇప్పుడు కుట్టు తిరిగొచ్చిన మాట నిజమే. కానీ తొడ ఎముక దగ్గర మొదలంటా ఊడిన తాజా దెబ్బలకి, అదీ ఏరి ఏరి చేస్తారు, కుర్రాళ్ళలో మళ్ళీ తెగే అవకాశమూ ఎక్కువ.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ‘తొడ నరం’ మాట, దానికి భయపడి ఎంతమంది ఆగిపోతున్నారో! తెగిన లిగమెంట్ స్థానంలో వేయడానికి తీసేది తొడ వెనక కండరాల చివర ఉండే టెండాన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు), కాలిని కదిలించే నరాన్ని ముట్టుకోరు. మోకాలి కింద లోపలివైపు చిన్న కోత పెట్టి, గొట్టంలాంటి పరికరంతో దాన్ని పైకంటా ఒలిచి లాగుతారు. అంటుకున్న కండ గీకేసి, మడతలు వేసి, కొసలు కుట్టి, వరసగా రంధ్రాలున్న దిమ్మలో దూర్చి లావు కొలుస్తారు. 8 మిల్లీమీటర్లు వస్తే సంతోషం. సరిగ్గా అంతే లావు సొరంగాలు రెండు ఎముకల్లోనూ తొలిచి, అలా తయారైన టెండాన్ తాడుని, అంటే గ్రాఫ్టుని, వాటిలోంచి లాగి, పైన చిన్న బటన్‌తో, కింద స్క్రూతో బిగిస్తారు. ఆ తర్వాత కాలు వెనక్కి బాగా మడిచేటప్పుడు బలం కొంత తగ్గొచ్చు, కోత పక్కన చర్మం కొంచెం మొద్దుబారొచ్చు, చచ్చుబడటం అనేది వేరే సంగతి. మోకాలిచిప్ప కింది టెండాన్ మధ్య భాగాన్ని రెండు వైపులా ఎముక ముక్కలతో సహా తీసే పద్ధతీ ఉంది. గట్టిగా అతుకుతుంది గానీ మోకాళ్ళ మీద కూర్చుంటే నొప్పి పుడుతుంది, నమాజుకో చర్చిలో ప్రార్థనకో మోకరిల్లేవాళ్ళు ఆ సంగతి డాక్టరుగారికి ముందే చెప్పాలి. పాతది, కొత్తది అని కాదు, మనిషి పనిని బట్టి గ్రాఫ్టు.

ఇక మూడు నెలలు. ఏ పద్ధతిలో వేసినా ఆ టెండాన్ మొదట చచ్చి, మెల్లగా రక్తనాళాలు వచ్చి, కొత్త కణాలతో లిగమెంట్‌లా మారాలి. మొదటి మూడు నెలల్లోనే అది అన్నిటికంటే బలహీనంగా ఉండే దశ వస్తుంది. నొప్పి మాత్రం అప్పటికే పోతుంది, నడక బాగుంటుంది, కుర్రాడికి తగ్గిపోయిందనిపిస్తుంది, అదే కొంప ముంచేది. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 9 నెలల దాకా ఆట ఒక్కో నెల వాయిదా వేసేకొద్దీ మోకాలు మళ్ళీ దెబ్బతినే రేటు సుమారు సగానికి తగ్గింది. అక్టోబరులో ఆపరేషన్ అయిన కుర్రాణ్ణి సంక్రాంతి పోటీలకి పిలవకండి, అన్నదమ్ములైనా స్నేహితులైనా. పంద్రాగస్టు పోటీల గురించైతే ఆలోచించొచ్చు, అదీ తొడ బలంలోనూ ఒంటికాలి గెంతులోనూ రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం వచ్చిందని ఫిజియో కొలిచి చెప్పాకే.