ఉడుతపిల్లకు ‘వెంటనే పాలు’ పట్టకండి: తిరుగుతున్న సలహాకు ఖండన

“ఉడుతపిల్ల కింద పడి కనిపిస్తే వెంటనే గోరువెచ్చని ఆవుపాలు డ్రాపర్‌తో పట్టండి. మీ చెయ్యి తగిలింది కాబట్టి తల్లి ఇక దాన్ని దగ్గరకు రానివ్వదు, మీరే పెంచుకోవాలి. గాయముంటే యాంటీసెప్టిక్ రాయండి, నొప్పికి చిన్నపిల్లల సిరప్ ఒక చుక్క వేయండి. నాలుగు రోజులయ్యాక వేరుశనగ గింజలు పెడితే చాలు, అదే బతికేస్తుంది.”

ఈ సందేశం ఫోన్ల మీదుగా చేతులు మారుతూనే ఉంది. పంపేవాళ్లది మంచి మనసే, అందులో అనుమానం లేదు. కానీ ఇందులో ఉన్నది ఉన్నట్టు పాటించదగ్గ మాట ఒక్కటీ లేదు. ఆవుపాలు అనడం తప్పే గానీ, అంతకన్నా పెద్ద తప్పు దాని ముందున్న ‘వెంటనే’ అన్న మాటలో ఉంది.

“వెంటనే పట్టండి”

గూటిలోంచి పడ్డ పిల్ల మన చేతికి వచ్చేసరికి చల్లబడి ఉంటుంది. బొచ్చు సరిగా రాని పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి పొట్ట కింద, తోబుట్టువుల మధ్య ఉన్నంతసేపే దానికి వెచ్చదనం. ఒళ్లు చల్లబడితే పేగుల పని మందగిస్తుంది. అప్పుడు పోసిన పాలు అరగవు, లోపలే పులిసి పొట్ట గాలితో డోలులా బిగుసుకుంటుంది. మింగే శక్తి కూడా తగ్గి ఉంటుంది కాబట్టి కొంత పాలు ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ‘కాసిని పాలు తాగి హాయిగా పడుకుంది, తెల్లారేసరికి పోయింది’ అని బాధపడేవాళ్లకు చాలాసార్లు జరిగింది ఇదే. అది హాయిగా పడుకోలేదు, కదల్లేక పడి ఉంది.

ముందు వేడి, తర్వాత నీరు, ఆ తర్వాతే పాలు. ఈ వరస మార్చకూడదు.

మూతకు గాలి కన్నాలున్న అట్టపెట్టె తీసుకుని లోపల మెత్తటి పాత టీషర్టు పరవండి. దారాలు లేచిన తువ్వాలు వద్దు, వాటిలో గోళ్లూ వేళ్లూ చిక్కుకుపోతాయి. హీటింగ్ ప్యాడ్ ఉంటే దాన్ని పెట్టె బయట, సగభాగం కిందకు మాత్రమే వచ్చేలా, అన్నిటికన్నా తక్కువ వేడి మీద పెట్టండి. వేడి ఎక్కువైతే పిల్ల రెండో సగంలోకి జరగడానికి చోటుండాలి. గాయపడి జరగలేని పిల్లనైతే మీరే తరచూ చూస్తుండాలి. ప్యాడ్ లేకపోతే సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పిల్ల పక్కన పెట్టండి. సీసా దాని మీదకు దొర్లకుండా చూసుకోండి, చల్లారగానే మార్చండి. చల్లారిన సీసా పిల్లకు వేడి ఇవ్వకపోగా ఉన్న వేడిని లాగేస్తుంది. బల్బు వేలాడదీస్తే ఒంట్లో నీరు ఆరిపోతుంది కాబట్టి అది ఆఖరి మార్గం.

ఒంటి మీద బొచ్చు లేని పిల్లకు దాని పక్కన గాలి 32 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బొచ్చు వచ్చి కళ్లు తెరవని దానికి 29 నుంచి 32 సరిపోతుంది. థర్మామీటరు పెట్టె మూలలో కాదు, పిల్ల పక్కనే పెట్టి చూడాలి. మీ మణికట్టు లోపలివైపు తాకిస్తే పొట్ట వెచ్చగా తగలాలి, అప్పటిదాకా నోట్లో ఏమీ వేయొద్దు. బాగా చల్లబడ్డ పిల్లకు దీనికి గంట పైనే పట్టొచ్చు. కాళ్లు చాపేసి, ఎర్రబడి, ఎగశ్వాస తీస్తుంటే వేడి మితిమీరిందని అర్థం.

“ఆవుపాలు”

ఆవుపాలలో కొవ్వు సుమారు 4 శాతం, ప్రోటీన్ 3 శాతం పైచిలుకు, పాలచక్కెర దాదాపు 5 శాతం ఉంటాయి. ఉడుత తల్లిపాలు చాలా చిక్కన. వాటిలో కొవ్వు ఆవుపాల కన్నా కొన్ని రెట్లు, ప్రోటీన్ రెట్టింపుకు పైన, పాలచక్కెర మాత్రం తక్కువ. కాబట్టి ఆవుపాలు తాగే పిల్లకు రెండు వైపులా దెబ్బే. కావలసిన శక్తి అందదు, అరగని చక్కెర వల్ల విరేచనాలు పట్టుకుంటాయి. ముప్పై గ్రాముల ప్రాణికి ఒక పూట విరేచనాలంటే చిన్న విషయం కాదు. ‘నీళ్లు కలిపి పలచన చేస్తే అరుగుతాయి’ అనే సవరణ కూడా తిరుగుతోంది. పలచన చేస్తే ఉన్న కాస్త బలమూ పోతుంది. చంటిపిల్లల పాలడబ్బా కూడా పనికిరాదు. అది తల్లిపాలను పోలి ఉండేలా చేసింది, మనిషి పాలలో పాలచక్కెర 7 శాతం, ప్రోటీన్ ఒక శాతమే.

పిల్ల వెచ్చబడ్డాక మొదట ఇవ్వాల్సింది రుచీ రంగూ కలపని ఓఆర్ఎస్. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. అది దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, అన్నీ గీసి కొలిచినవి, వేసి కరిగించాలి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు. మెడ వెనక చర్మాన్ని మెల్లగా పైకి పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే సరే, రెండు క్షణాలైనా గుడారంలా నిలబడి ఉంటే ఒంట్లో నీరు బాగా తగ్గినట్టు. అలాంటి పిల్లకు రెండు మూడు పూటలు ఓఆర్ఎస్ ఒక్కటే ఇవ్వాలి. చర్మం అలాగే ఉండి, పిల్ల మింగలేకపోతుంటే నోటి ద్వారా ఇచ్చేది చాలదు, పశువైద్యులు చర్మం కింద సెలైన్ ఎక్కించాలి.

ఆ తర్వాత కుక్కపిల్లల కోసం చేసిన పాలపొడి. పేరు కుక్కదైనా కొవ్వు, ప్రోటీన్ల లెక్కలో ఉడుతపాలకు ఆవుపాల కన్నా ఇదే దగ్గర. కొలత ఒక వంతు పొడికి రెండు వంతుల నీరు. కలిపిన వెంటనే కాకుండా కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వాడితే పొడి పూర్తిగా నాని సులువుగా అరుగుతుంది. పట్టే ముందు కావలసినంత మటుకే వేరే గిన్నెలోకి తీసి, ఆ గిన్నెను వేడినీళ్లలో పెట్టి వెచ్చబరచాలి. 24 గంటలు దాటినది పారబోయాల్సిందే. ఒక్కసారిగా పూర్తి పాలకు మారకండి. మొదట మూడు వంతులు ఓఆర్ఎస్‌కు ఒక వంతు పాలు, తర్వాత సగం సగం, తర్వాత ఒక వంతుకు మూడు, ఆపైన పాలే. మలం జారితే ఒక మెట్టు వెనక్కి రండి.

ఎంత పట్టాలో ఆ సందేశం చెప్పనే చెప్పదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది, ఆకలిగా ఉన్న పిల్ల ఎంత పోస్తే అంత తాగుతుంది. వంద గ్రాముల బరువుకు ఒక పూటకు 5 మిల్లీలీటర్లు, అంతే. ముప్పై గ్రాముల పిల్లకు ఒకటిన్నర మిల్లీలీటరు. అందుకే గ్రాముల్లో తూచే చిన్న కాటా కావాలి. రోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచి రాసిపెట్టుకోండి. బొచ్చు లేని పిల్లకు రాత్రిపూట కూడా రెండు గంటలకోసారి, బొచ్చు వచ్చి కళ్లు మూసుకుని ఉన్నదానికి మూడు గంటలకు, కళ్లు తెరిచాక నాలుగు గంటలకు. పొట్ట బిగిసి గట్టిగా ఉంటే ఆ పూట పాలు మానేయండి. వెచ్చగా ఉంచి ఓఆర్ఎస్ చుక్కలు మాత్రం పట్టండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరకు తీసుకెళ్లండి.

“డ్రాపర్‌తో”

డ్రాపర్ రబ్బరు నొక్కితే ఎంత వస్తుందో మన చేతిలో ఉండదు. గాజుదైతే పళ్లు వచ్చిన పిల్ల కొరికితే పగులుతుంది. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజి వాడండి. చుక్క చుక్కగా వస్తుంది, ఎంత పోయిందో గీతలు చెబుతాయి. పిల్లను చంటిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టకూడదు. గుడ్డలో చుట్టి, పొట్ట కిందకూ తల కాస్త పైకీ ఉండేలా పట్టుకోవాలి. ముక్కులోంచి పాలబుడగ వచ్చిందా, సిరంజి తీసేసి తల కిందికి వంచి ముక్కు తుడవండి. ఊపిరి మామూలయ్యాకే మళ్లీ మొదలుపెట్టాలి. ఇలా పదేపదే జరిగితే, ఊపిరిలో టిక్ టిక్ మనే చప్పుడు వినబడితే, అది న్యుమోనియాకు దారి. ఇంట్లో తగ్గేది కాదు.

ఆ సందేశం రాసినవాళ్లకు బహుశా తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కళ్లు తెరవని పిల్ల తనంతట తాను మూత్రం, మలం విసర్జించలేదు. తల్లి నాకితేనే వస్తుంది. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తోక కింద, మూత్రద్వారం దగ్గర మెల్లగా అద్దుతూ ఉంటే నిమిషంలోపు మూత్రం వస్తుంది. రుద్దకూడదు, చర్మం ఒరుసుకుపోతుంది. ఇది చేయకపోతే మూత్రాశయం నిండి పిల్ల చనిపోతుంది, పాలు ఎంత మంచివైనా సరే. మూత్రం లేత పసుపులో ఉండాలి. ముదురుగా, తక్కువగా వస్తుంటే నీరు చాలడం లేదని గుర్తు.

“తల్లి ఇక దగ్గరకు రానివ్వదు”

ఇది పచ్చి అబద్ధం. మనిషి వాసన తగిలిందని ఉడుత తన పిల్లను వదిలేయదు. పైగా చాలా ఉడుతలకు ఒకటికి మించి గూళ్లుంటాయి. ఒక గూడు చెడితే పిల్లల్ని నోట కరుచుకుని ఇంకో గూటికి మోసుకుపోతాయి. గాయాలు లేని, వెచ్చగా ఉన్న, పిల్లి నోట పడని పిల్లను పడిన చెట్టు దగ్గరే పెట్టడం అన్నిటికన్నా మేలు. పైన తెరిచి ఉన్న చిన్న పెట్టెలో గుడ్డ, దాని కింద చుట్టిన వేడినీళ్ల సీసా పెట్టి, పిల్లిగానీ కుక్కగానీ అందుకోలేని ఎత్తులో చెట్టు మానుకు కట్టండి. పిల్లను గుడ్డతో పూర్తిగా కప్పేయకండి, తల్లికి కనబడాలి. మీరు దూరంగా ఉండండి. ఉడుతలు పగటి జీవులు. చీకటి పడ్డాక తల్లి రాదు కాబట్టి రాత్రంతా బయట వదలకుండా తెచ్చి, మర్నాడు పొద్దున్నే మళ్లీ పెట్టొచ్చు.

తిరిగి ఇవ్వకూడనివి కూడా ఉన్నాయి: రక్తం కారుతున్నది, కాలు వేలాడుతున్నది, ఈగలు ముసిరినది, పిల్లి పట్టినది.

“యాంటీసెప్టిక్ రాయండి”

హైడ్రోజన్ పెరాక్సైడ్, స్పిరిట్, ఘాటైన యాంటీసెప్టిక్ ద్రవాలు కొత్తగా పుట్టే కణాల్ని కూడా మాడ్చేస్తాయి, పిల్ల నాకితే కడుపులోకీ పోతాయి. గాయాన్ని కడగడానికి ఉప్పునీరు చాలు: కాచి చల్లార్చిన అర లీటరు నీటికి ముప్పావు టీస్పూను ఉప్పు. గోరువెచ్చగా సిరంజితో మెల్లగా పోసి కడిగి, ఒళ్లు తడిసి మళ్లీ చల్లబడకుండా వెంటనే అద్ది ఆరబెట్టాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు ఆపకుండా అదిమి పట్టండి, మధ్యలో ఎత్తి చూస్తే కట్టిన గడ్డ ఊడొస్తుంది. విరిగిన కాలికి పుల్లలు పెట్టి కట్టొద్దు. అంత సన్నటి కాలికి కట్టు బిగిస్తే రక్తప్రసారం ఆగుతుంది, వదులైతే విరిగిన ఎముక ఇంకా కదులుతుంది. కదలకుండా చిన్న పెట్టెలో ఉంచడమే మీరు చేయగలిగింది. వెనక కాళ్లు రెండూ ఈడుస్తుంటే వెన్నుకు దెబ్బ అయి ఉండొచ్చు.

బొచ్చులో, చెవుల్లో, కళ్ల మూలల్లో, తోక కింద చిన్న తెల్లటి గింజల్లాంటివి అంటుకుని ఉన్నాయేమో వెతకండి. అవి ఈగ గుడ్లు. ఒక రోజులోపే పొదిగి పురుగులవుతాయి, అవి బతికున్న కండను తింటాయి. పట్టకారుతోనో సన్న పళ్ల దువ్వెనతోనో ఒక్కొక్కటీ తీసేయాలి. స్నానం, షాంపూ వద్దు.

పిల్లి నోటినుంచి వచ్చిన పిల్ల మీద గాయం కనబడకపోయినా గాయం ఉన్నట్టే లెక్క. పిల్లి కోర సూదిలా దిగుతుంది, పైన చర్మం మూసుకుంటుంది, పాస్ట్యురెల్లా అనే బ్యాక్టీరియా లోపలే ఉండిపోతుంది. ఆ రోజే యాంటీబయాటిక్ పడాలి, ఏది, ఎంత అన్నది పశువైద్యులే చెప్పాలి. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఇవ్వకండి. మనుషులకు సరిపడే కొన్ని రకాలు గినీపిగ్, హ్యామ్‌స్టర్ వంటి చిన్న ఎలుకజాతి జీవుల పేగుల్లో మంచి బ్యాక్టీరియాను చంపి ప్రాణం తీసిన సంగతి పశువైద్యంలో అందరికీ తెలుసు, ఉడుత కూడా ఆ వర్గానికి చెందిందే.

“నొప్పికి సిరప్ ఒక చుక్క”

పది కిలోల బిడ్డకు లెక్కగట్టిన మందు అది. ముప్పై గ్రాములంటే అందులో మూడొందల వంతుకన్నా తక్కువ, ‘ఒక చుక్క’ ఎన్ని రెట్లు ఎక్కువో మీరే లెక్కేసుకోండి. వద్దు.

“నాలుగు రోజులయ్యాక వేరుశనగ”

ఎన్నో రోజు అన్నది లెక్క కాదు, పిల్ల వయసు లెక్క. కళ్లు తెరిచి, పైపళ్లు కిందిపళ్లు వచ్చాకే గట్టి తిండి మొదలవుతుంది, అప్పుడు కూడా పాలు ఆపకూడదు. ఇక వేరుశనగ సంగతి. వంద గ్రాముల్లో కాల్షియం 92 మిల్లీగ్రాములు, భాస్వరం 376. పొద్దుతిరుగుడు గింజల్లో ఇంకా అన్యాయం, 78కి 660. ఎదిగే ఉడుతకు భాస్వరం కన్నా కాల్షియం ఎక్కువ అందాలి. ఇక్కడ లెక్క తిరగబడింది. కొన్ని వారాలు ఇవే తింటే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. పిల్ల మందకొడిగా మారుతుంది, దూకడం మానేస్తుంది, వెనక కాళ్లు పట్టు తప్పుతాయి, ఆఖరికి మూర్ఛలు. అప్పుడు అందరూ ‘పడి నడుం విరిగింది’ అనుకుంటారు. ల్యాబ్ ఎలుకలకు పెట్టే బిళ్లల దాణా ప్రధానంగా, ఆకుకూరలు పక్కన, గింజలు ఎప్పుడైనా ఒకటి. నీడ దొరికే చోట కాస్త ఎండ కూడా తగలాలి.

“మీరే పెంచుకోవాలి”

చాలా దేశాల్లో అడవి జంతువును అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. చట్టం మాట పక్కన పెట్టినా, ఒంటరిగా మనుషుల చేతుల్లో పెరిగిన ఉడుత పిల్లిని చూసి పారిపోవడం నేర్చుకోదు, పెద్దదయ్యాక పెంచినవాళ్లనే కరుస్తుంది. ఉడుతల్లో రేబిస్ కనబడటం చాలా అరుదు. అయినా కరిచినా గీరినా సబ్బు, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి డాక్టరుకు చూపించుకోండి. పిల్లను పట్టుకునేటప్పుడు మందపాటి గుడ్డ వాడండి.

మీ ఇంట్లో ఆ పిల్ల ఉండాల్సింది వన్యప్రాణి సంరక్షకులో, పశువైద్యులో అందేదాకా. వాళ్లకు అప్పగించేటప్పుడు ఒక కాగితం కూడా ఇవ్వండి. ఏ చెట్టు కింద, ఏ వేళకు దొరికిందో (తిరిగి వదలడానికి ఆ చోటే కావాలి), పిల్లి లేదా కుక్క తాకిందేమో, దొరికినప్పుడూ ఇప్పుడూ ఎన్ని గ్రాములుందో, ఏమేం ఎన్ని మిల్లీలీటర్లు ఏ గంటకు పట్టారో, చివరిసారి మూత్రం ఎప్పుడు పోసిందో రాయండి. ఈ వ్యాసం చూసేలోపే ఆవుపాలు పట్టేసి ఉంటే అదీ దాచకుండా రాయండి, వైద్యం దాన్ని బట్టి మారుతుంది.