మైనస్ 30 డిగ్రీల వీరుడికి అరసవల్లి ఎండ నుంచి

మహారాజశ్రీ 5డబ్ల్యూ-30 ఫుల్లీ సింథటిక్ ఇంజన్ ఆయిల్ గారికి,

శ్రీకాకుళం నుంచి ఒక పాత పెట్రోలు కారు యజమాని నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ డబ్బా కొనేటంతటి క్షేమం మాత్రం కాదు.

ఏడురోడ్ల కూడలి దగ్గరి దుకాణంలో మిమ్మల్ని తొలిసారి చూశాను. పక్కనే 20డబ్ల్యూ-40 మినరల్ ఆయిల్ చవగ్గా, వినయంగా కూర్చుని ఉంది. డబ్ల్యూ అంటే బరువు అన్నాడు దుకాణదారు. కాదు, వింటర్ అట. మైనస్ 30 డిగ్రీల చలిలోనూ గడ్డకట్టకుండా ఇంజన్‌ను తిరగనిస్తారని పరీక్ష పెట్టి మరీ మీకిచ్చిన బిరుదు. 20డబ్ల్యూకు మైనస్ 15తో సరిపెట్టారు. అయ్యా, మాది సూర్యనారాయణస్వామి కొలువున్న ఊరు. పుష్యమాసం తెల్లవారుజామున చెవులకు మఫ్లర్ చుట్టుకుంటే అదే మాకు హిమాలయం. మీ మైనస్ 30ని ఎక్కడ పెట్టుకోమంటారు?

మా మెకానిక్‌కు మీరంటే గిట్టదు. రెండు వేళ్ల మధ్య రుద్ది చూసి, "ఇది నూనె కాదు బాబూ, చారు. ఇంజనుకు ముద్దపప్పులా పట్టాలి" అని తీర్పు చెప్పాడు. మీ పేరు చివరి 30 అనేది 100 డిగ్రీల వేడిలో కొలిచిన చిక్కదనం. దాన్ని ఆయన షెడ్డు నీడలో వేళ్లతో తేల్చేశాడు. ఆ వాదం నాకూ నచ్చింది. జేబుకు అనుకూలమైన సిద్ధాంతం ఎవరికి నచ్చదు?

తీరా టోల్ రసీదుల కింద దొరికిన కారు పుస్తకంలో మీ పేరే ఉంది. మా ఊరి ఉదయపు వెచ్చదనంలో కూడా 20డబ్ల్యూ మీకన్నా చిక్కగానే ఉండి, ఇంజన్ పైభాగానికి చేరడానికి తాత్సారం చేస్తుందట. పైగా వేడికి మీరు అంత త్వరగా చెడిపోరు. సరే, ఓడిపోయాను.

కానీ ఆ "సింథటిక్" గర్వం, అంటే రసాయనశాలలో తయారయ్యామన్న గర్వం, దాని సంగతి ఒకటుంది. మీ కులంలో చాలామంది పుట్టింది ముడిచమురు ఇంట్లోనే. హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేయించుకుని, మూలనూనెల తరగతుల్లో గ్రూప్ 3 అనిపించుకుని, పేరు మార్చుకున్నారు. అలా పిలుచుకోవచ్చా అని 1999లో అమెరికాలో ప్రకటనల తగాదా వస్తే, పిలుచుకోవచ్చనే తేలింది. పట్నం వెళ్లొచ్చి సొంత అన్నను గుర్తుపట్టని తమ్ముళ్లను మేమూ చూశాం లెండి. మినరల్, సింథటిక్ కలిపిన సెమీ సింథటిక్ గారి జోలికి వెళ్లను. ఆయనలో సింథటిక్ పాలెంతో ఆయన డబ్బాకే తెలియదు.

మొత్తానికి మిమ్మల్నే పోయించాను. నెల తిరక్కుండానే మా మామగారు గేజి కడ్డీ లాగి, నల్లబడ్డారని, మోసపోయామని తేల్చారు. లోపలి మసిని కడిగి తనలో మోసేవాడు నల్లబడక ఏం చేస్తాడని మీ తరఫున వాదించాను. ఆయన వినలేదు. డబ్బాలో మిగిలిన అర లీటరును పట్టుకెళ్లి గేటు మడతబందులకు పోసేశారు.

మైనస్ 30 డిగ్రీల్లోనూ కిర్రుమనకుండా తెరుచుకునే గేటు ప్రస్తుతం జిల్లాలో మాదొక్కటే.

ఇట్లు,
మీ విధేయుడు