మూల దాటితే అక్రమ ప్రవేశమా? అమెరికా ‘గళ్ళ భూముల’పై ఒక వాదనకు ఖండన

అమెరికా పశ్చిమ రాష్ట్రాలలోని ప్రభుత్వ భూముల గురించి ఒక వాదన విస్తృతంగా ప్రచారమవుతోంది. చుట్టూ ప్రైవేటు భూమి ఉన్న ప్రభుత్వ భూమిలోకి వెళ్ళే హక్కు ప్రజలకు ఎన్నడూ లేదనీ, రెండు ప్రభుత్వ గళ్ళు (చదరపు భూభాగాలు) కలిసే మూలను దాటడం కూడా పక్కవారి ఆస్తిలోకి అక్రమంగా ప్రవేశించడమేననీ, ఈ సంగతిని సుప్రీంకోర్టు 1979లోనే తేల్చేసిందనీ, 2025లో ఒక అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు పరిహారం ఇవ్వకుండా ఆస్తి హక్కును లాక్కోవడమేననీ దాని సారాంశం. ఈ నాలుగు మాటల్లో ఒకదానిలో మాత్రం కొంత నిజం ఉంది. దానిని దాచవలసిన అవసరం నాకు లేదు. అది ఏదో, ఎంతవరకో దాని చోట చెబుతాను.

ముందుగా ఈ గళ్ళు ఎలా పుట్టాయో చూడాలి. ఖండాన్ని దాటే రైలుమార్గం కోసం అమెరికా కాంగ్రెస్ 1862లో చేసిన చట్టం, మార్గానికి ఇరువైపులా ఉన్న ప్రభుత్వ భూమిలో గడి విడిచి గడిని రైల్వే కంపెనీలకు ఇచ్చింది. ఒక్కో గడి ఒక చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. బేసి సంఖ్య గళ్ళు కంపెనీకి వెళ్ళాయి, సరి సంఖ్య గళ్ళు ప్రభుత్వానికి మిగిలాయి. 1864లో ఈ దానాన్ని ఇరువైపులా ఇరవై మైళ్ళ దూరం వరకు పెంచారు. అందుకే అక్కడి భూముల పటం నేటికీ చదరంగం బల్లలా కనిపిస్తుంది. ఆ బల్ల మీద ఒకే రంగు గళ్ళు మూలల దగ్గర తప్ప ఎక్కడా తాకవు. నాలుగు గళ్ళూ ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. ఆ బిందువుకు వెడల్పు లేదు, దానిని దాటవలసిన మనిషికి ఉంది. తగాదా అంతా ఇక్కడే ఉంది. భూముల పటాలు తయారుచేసే ఆన్ఎక్స్ సంస్థ 2022లో వేసిన లెక్క ప్రకారం, మూల దాటితే తప్ప చేరలేని ప్రభుత్వ భూమి పదకొండు పశ్చిమ రాష్ట్రాలలో 83 లక్షల ఎకరాలు.

ప్రజలకు ‘ఎన్నడూ’ హక్కు లేదన్న మొదటి మాట చరిత్రకు పూర్తిగా విరుద్ధం. పశువుల మందల యజమానులు ప్రభుత్వ భూములను కంచెలతో మూసి తమ సొంత మేతభూముల్లా వాడుకోవడం మొదలుపెట్టినప్పుడు, దానిని ఆపడానికే కాంగ్రెస్ 1885లో అక్రమ కంచెల నిరోధక చట్టం చేసింది. హక్కు లేకుండా ప్రభుత్వ భూమిని మూసివేయడమే కాదు, బలప్రయోగంతోగాని, బెదిరింపుతోగాని, కంచెతోగాని, మరే చట్టవిరుద్ధ మార్గంతోగాని ఆ భూముల మీదుగా ప్రజల స్వేచ్ఛా సంచారాన్ని అడ్డుకోవడాన్ని కూడా అది నిషేధించింది. ఈ చట్టాన్ని తప్పించుకునే ఉపాయం కొలరాడోలో పుట్టింది. కంచె గుంజలన్నీ తమ బేసి గళ్ళలోనే పాతి, ప్రభుత్వ భూమిని ఒక్క అంగుళం కూడా తాకకుండానే, సుమారు 20,000 ఎకరాల ప్రభుత్వ భూమిని లోపల బంధించారు. కంచె మా భూమిలోనే ఉంది కదా అన్న ఆ వాదనను సుప్రీంకోర్టు 1897లో కామ్‌ఫీల్డ్ కేసులో తోసిపుచ్చింది. ఫెడరల్ అప్పీలు కోర్టు 1914లో వయోమింగ్‌లో గొర్రెల మందను తోలుకెళ్ళిన ఒక కాపరికి, కంచె లేని గళ్ళ భూముల మీదుగా సమంజసమైన దారి ఉంటుందని తీర్పు ఇచ్చింది. నూట నలభై ఏళ్ళ వయసున్న చట్టాన్ని నిన్నమొన్నటి కల్పనలా చూపించడం తెలియక చేస్తున్న పొరపాటని నేను అనుకోలేకపోతున్నాను.

ఇక 1979 నాటి తీర్పు. నేను పైన చెప్పిన నిజం ఉన్నది ఇక్కడే. వయోమింగ్‌లోని సెమినో జలాశయానికి ప్రజలు వెళ్ళడానికి వీలుగా ప్రభుత్వం లియో షీప్ కంపెనీ భూమి మీదుగా మట్టిరోడ్డు వేయించింది. ఆ భూమిని మొదట రైల్వేకు ఇచ్చినప్పుడే దారి హక్కును అంతర్లీనంగా అట్టిపెట్టుకున్నామని వాదించింది. అలాంటి హక్కేదీ అట్టిపెట్టలేదనీ, రోడ్డు కావాలంటే పరిహారం చెల్లించి భూమిని సేకరించుకోవాలనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఇది సరైన తీర్పేనని నా అభిప్రాయం, ఎందుకంటే రోడ్డు నేలను ఆక్రమిస్తుంది, యజమాని వాడుకోవలసిన చోటును శాశ్వతంగా తీసుకుంటుంది. అయితే నేలను తాకకుండా ఒక ప్రభుత్వ గడిలోంచి మరో ప్రభుత్వ గడిలోకి అడుగు వేసే మనిషి గురించి ఆ తీర్పు ఏమీ తేల్చలేదు. కామ్‌ఫీల్డ్ తీర్పును అది కొట్టివేయనూ లేదు. రోడ్డు వేయడానికీ ఒక అడుగు వేసి దాటడానికీ తేడా లేదన్నట్టు మాట్లాడితేనే 1979 తీర్పు ఈ వాదనకు పనికొస్తుంది.

మూల దాటేటప్పుడు భుజమో మోచెయ్యో పక్కవారి భూమి పైనున్న గాలిలోకి వెళ్ళక తప్పదన్నది ఈ వాదనలో కాస్త బలమైన అంశం. వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర జరిగింది ఇదే. 2020లో వేటకు వచ్చినవారికి ఒక మూల దగ్గర, గొలుసుతో బిగించిన రెండు ఇనుప స్తంభాలు అడ్డుగా కనిపించాయి. వారు వాటిని పట్టుకుని చుట్టూ తిరిగి అవతలి గడిలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది రెండువైపులా కాళ్ళున్న నిచ్చెనను తెచ్చి, మూల మీదుగా ఎక్కి దిగారు. క్రిమినల్ కేసులో జ్యూరీ 2022లో వారిని నిర్దోషులని తేల్చింది. భూయజమాని అయిన ఐరన్ బార్ హోల్డింగ్స్ సివిల్ దావాలో తన ఆస్తి విలువ 70 లక్షల డాలర్లకు పైగా తగ్గిందని చెప్పుకుంది. జిల్లా ఫెడరల్ కోర్టు 2023లో, పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు 2025 మార్చిలో ఆ దావాను ఒప్పుకోలేదు.

రాష్ట్ర చట్టం ప్రకారం భూమి పైనున్న గాలి కూడా యజమానిదేనని అప్పీలు కోర్టు అంగీకరించిందన్న సంగతిని తీర్పును మెచ్చుకునేవారిలో కూడా చాలామంది చెప్పరు. కోర్టు చెప్పింది అక్కడితో ఆగలేదు. ఆ హక్కును ఆయుధంగా చేసుకుని ప్రభుత్వ భూమిని మూసివేస్తే అది కంచెతో సమానమనీ, 1885 నాటి ఫెడరల్ చట్టం దానికి అడ్డుపడుతుందనీ తేల్చింది. అంటే అక్రమ ప్రవేశపు దావాను కూడా ఒక కంచెగా చూసింది. గాలి మీద హక్కుకు హద్దులు ఉన్నాయన్నది కూడా కొత్త మాట కాదు. భూమి ఎవరిదో ఆకాశం దాకా వారిదే అన్న పాత సూత్రానికి ఆధునిక ప్రపంచంలో చోటు లేదని సుప్రీంకోర్టు 1946లో కాస్బీ కేసులో చెప్పింది. ఆ కేసులో కోళ్ళు పెంచే రైతు మాత్రం గెలిచాడు, ఎందుకంటే తక్కువ ఎత్తులో ఎగిరే సైనిక విమానాల వల్ల అతని జీవనాధారమే పోయింది. ఎల్క్ మౌంటెన్ మూల మీదుగా ఒక మనిషి అటునుంచి ఇటు దిగితే అలా పోయినదేమిటో నాకు అర్థం కాలేదు.

ఆ 70 లక్షల డాలర్ల మాటే ‘పరిహారం లేకుండా లాక్కోవడం’ అన్న నాలుగో వాదనకు ఆధారం. పక్కనున్న ప్రభుత్వ భూమిలోకి ఇతరులెవరూ రాలేరన్న నమ్మకం ధరలో కలిసి ఉంటే, ఆ నమ్మకం పోయినప్పుడు ధర తగ్గవచ్చు. అయితే తగ్గిన ఆ భాగం యజమాని భూమి విలువ కాదు, ప్రజల భూమి విలువ. 1988లో రెడ్ రిమ్ దగ్గర ప్రాంగ్‌హార్న్ జింకల శీతాకాలపు మేతకు అడ్డుపడిన 28 మైళ్ళ కంచె కేసులో ఇదే పదో సర్క్యూట్ కోర్టు, యజమాని పోగొట్టుకున్నది ప్రభుత్వ భూమి నుంచి ఇతరులను దూరంగా ఉంచే హక్కు మాత్రమేననీ, ఆ హక్కు అసలు అతనికి ఎన్నడూ లేదనీ తేల్చింది.

ఆస్తి హక్కు పేరు చెప్పేవారు ప్రస్తావించని మరో సంగతి ఉంది. జాతీయ అడవుల మధ్యలో ప్రైవేటు భూమి చిక్కుకుంటే, ఆ యజమాని తన భూమిని సమంజసంగా వాడుకోవడానికి సరిపడే దారిని ప్రభుత్వం ఇవ్వాలని 1980 నాటి అలాస్కా భూముల చట్టంలోని ఒక సెక్షన్ ఆదేశిస్తుంది. అంటే ప్రభుత్వ భూమి మధ్యలో ఉన్న ప్రైవేటు యజమానికి దారి చట్టబద్ధమైన హక్కు. ప్రైవేటు భూమి మధ్యలో ఉన్న ప్రభుత్వ భూమి విషయం వచ్చేసరికి మాత్రం ఒక అడుగు దోపిడీ అవుతోంది.

ఈ తీర్పుతో ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళవచ్చన్న భయానికి ఎక్కువ సమాధానం అక్కరలేదు. కోర్టు ముందున్నది కాలినడకన, గళ్ళ భూముల్లో, ప్రైవేటు నేలను తాకకుండా మూల దాటడం మాత్రమే. వాహనాలకు, ప్రైవేటు నేల మీద నడవడానికి అది అనుమతి కాదు. సర్వే హద్దుగుర్తు కనిపించని చోట, కొన్ని మీటర్లు తేడా చూపగల ఫోను చుక్కను నమ్మి అడుగు వేసేవారికి కూడా ఈ తీర్పు రక్షణగా నిలుస్తుందని నేను అనుకోను. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు అప్పీలును విచారణకు స్వీకరించకపోవడం తీర్పును సమర్థించడం కాదు. కనుక అది కట్టుబాటుగా ఉండేది ఆ అప్పీలు కోర్టు పరిధిలోని వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూమెక్సికో, కాన్సాస్, ఓక్లహోమా రాష్ట్రాలలోనే. పశ్చిమ రాష్ట్రమే అయినా మోంటానా ఆ జాబితాలో లేదు. మూల కూడా లేకుండా నాలుగు వైపులా ప్రైవేటు భూమి కమ్మేసిన ప్రభుత్వ భూముల విషయంలో 1979 తీర్పు చెప్పిన పద్ధతే మిగులుతుంది. దారిని కొనాలి. ఫెడరల్ ప్రభుత్వపు భూమి-జల పరిరక్షణ నిధిలో ఏటా కనీసం కోటిన్నర డాలర్లు ప్రజలు వినోదం కోసం ప్రభుత్వ భూముల్లోకి వెళ్ళే ఇలాంటి మార్గాల కోసం వాడాలని 2019లోనే చట్టం చేశారు.