గోడ లేని గుమ్మం

మా కోనసీమలో ఇంటికి గుమ్మం ఎత్తాలంటే ముహూర్తం చూస్తారు. పసుపు రాసి, బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, అప్పుడు ఎత్తుతారు. ప్రభుత్వం వారు మాత్రం మొన్న వైశాఖంలో స్వామివారి కల్యాణానికి ఇవేవీ లేకుండానే ఒక గుమ్మం ఎత్తేశారు. దానికి అటు గోడ లేదు, ఇటు గోడ లేదు. కొబ్బరితోట పక్కన, కోవెలకు పోయే దారిలో, నల్ల వైరొకటి తోకలా వేలాడేసుకుని ఒంటరిగా నిలబడింది. పేరు మెటల్ డిటెక్టర్. ఉద్యోగం, ఉగ్రవాదుల నుంచి మమ్మల్ని కాపాడటం. పక్కనే బోర్డు: బ్యాగులు, టిఫిన్ బాక్సులు లోపలికి అనుమతించబడవు.

ఏ కోవెలో చెప్పను. మీ ఊళ్ళోనూ ఇదే గుమ్మం ఉంటుంది కాబట్టి మీ ఊరే అనుకోండి.

మా మేనత్తకు డెబ్బై నాలుగేళ్ళు. గుమ్మం కనిపిస్తే కుడికాలు ముందు పెట్టే మనిషి. కాళ్ళకు మట్టెలు, రొంటిన తాళాల గుత్తి, చేతిలో ఇత్తడి పళ్ళెం. కుడికాలు పెట్టింది. గుమ్మం కుయ్యిమంది. తనదే ఏదో అపచారం అనుకుని వెనక్కి వచ్చింది, లెంపలు వేసుకుని మళ్ళీ కుడికాలు పెట్టింది. మళ్ళీ కుయ్యిమంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముంజలు తింటున్న హోంగార్డు తల కూడా ఎత్తలేదు.

"ఆయ్, అది అలాగే మోగుద్దండి మామ్మగారూ. మీరెళ్ళిపోండి."

"మోగితే మరి చూడవా బాబూ?"

"అందరికీ మోగుద్దండి. మోగకపోతేనే చూడాలండి."

నేను నవ్వాను కానీ, ఆ కుర్రాడు చెప్పింది నిజమే. ఆ యంత్రానికి తెలిసిందల్లా లోహం. మందుగుండు ఎదురుగా వచ్చి నమస్కారం పెట్టినా గుర్తుపట్టలేదు. ఇక కల్యాణానికి వచ్చే ఆడవాళ్ళలో లోహం లేనిదెవరు?

నా వెనకాల ఒకాయన కాలవలో మునిగి, తడిపంచెతో, ఒంటిమీద మొలతాడు తప్ప ఏమీ లేకుండా వచ్చాడు. గుమ్మం మోగలేదు. ముంజ పక్కన పెట్టి హోంగార్డు లేచాడు! ఆయన్ని ఎగాదిగా చూశాడు. వెనకున్నావిడ వచ్చింది, బిందెతో సహా. మోగలేదు. ఆ వెనకాల గంటలు కట్టిన గంగిరెద్దును తోలుకొచ్చినా మోగేది కాదు. ఎందుకంటే కరెంటు పోయింది.

ఇప్పుడు చూడాలి భద్రత అంటే ఏంటో. "కరెంటు వచ్చేదాకా ఎవరూ కదలకూడదండి, రూలండి" అంటూ దారికి అడ్డంగా తాడు కట్టేశారు. మోగినంతసేపూ పట్టించుకోని వాళ్ళకి మోగకపోయేసరికి దేశం గుర్తొచ్చింది. అటూ ఇటూ సరుగుడు కర్రలతో కట్టిన దారి, మనిషికీ మనిషికీ మధ్య చెయ్యి దూరదు. ముందు ఏం జరిగిందో వెనకవాళ్ళకి తెలియదు, తోస్తున్నారు. ఒక పసిపిల్ల ఊపిరాడక ఏడుస్తుంటే వాళ్ళ నాన్న భుజాల మీదకి ఎత్తేశాడు. మా అత్త కర్ర పట్టుకుని నిలబడిపోయింది, ముఖం పాలిపోయింది. నాకు నవ్వు ఆగిపోయింది అప్పుడే.

2015 జులై 14. పుష్కరాల మొదటి రోజు, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్. తొక్కిసలాటలో 27 మంది చచ్చిపోయారు. ఏ ఉగ్రవాదీ రాలేదు. వేలమంది పోలీసులున్నారు, కెమెరాలున్నాయి, అవన్నీ ఎవరినో వెతుకుతున్నాయి, కాళ్ళ కింద పడ్డవాళ్ళని తప్ప. పెద్దల స్నానం అయ్యేదాకా జనాన్ని ఆపి ఒక్కసారిగా వదిలారని ఆరోపణ. విచారణ కమిషన్ వేశారు. అది చివరికి ముహూర్తం గురించి జరిగిన ప్రచారాన్నీ, జనం మూఢనమ్మకాన్నీ తప్పుపట్టింది. అంటే చచ్చినవాళ్ళదే తప్పు! గోదావరిలో మునగడానికి వచ్చి ఒడ్డున చచ్చినందుకు వాళ్ళే క్షమాపణ చెప్పుకోవాలి కాబోలు.

2014 జూన్ 27న, తెల్లవారుజామున, మా కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపులైను పేలి 20 మందికి పైగా కాలిపోయారు. లీకవుతోందని ముందే మొత్తుకున్నాం అన్నారు ఊరివాళ్ళు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదాట్లో బోటు బోల్తా పడింది, ఎక్కిన 77 మందిలో సగానికి పైగా తిరిగి రాలేదు. ఈ పైపుకీ ఆ బోటుకీ ఎవరూ గుమ్మం ఎత్తలేదేం? అవి కుయ్యిమనవనా?

ఉగ్రవాదం లేదని నేననను. 2007 ఆగస్టు 25న హైదరాబాద్‌లో చాట్ తింటున్నవాళ్ళు, పార్కులో షో చూస్తున్నవాళ్ళు 40 మందికి పైగా పోయారు. ఆ భయం అబద్ధం కాదు. కానీ 2013లో దిల్‌సుఖ్‌నగర్ బాంబులు సైకిళ్ళ మీద పెట్టారు, నడిరోడ్డున. రోడ్డుకి గుమ్మం ఎక్కడ ఎత్తుతారు? 2008లో ముంబై మీదకి సముద్రం మీంచి వచ్చారు. అప్పట్నుంచి మన తీరంలో 'సాగర్ కవచ్' అని కసరత్తు చేస్తున్నారు. పోలీసులే ఉగ్రవాదుల వేషం కట్టి పడవల్లో వస్తారు, పోలీసులే పట్టుకుంటారు. నవ్వకండి, అందులో కనీసం వెతికేవాళ్ళున్నారు.

2027లో మళ్ళీ పుష్కరాలు. ఎన్ని గుమ్మాలు కొంటారో గాని, జనం బయటపడే దారులెన్నో అన్న లెక్క ఎవరైనా వేస్తున్నారా? ఆ లెక్కకి టెండరు ఉండదు మరి.

అరగంటకి కరెంటు వచ్చింది. గుమ్మం కుయ్యిమనగానే హోంగార్డుతో సహా అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మా అత్త దాటుతూ దాటుతూ దానికి కాస్త కుంకుమ అద్దింది. దర్శనం చేసుకుని వెనక దారిన బయటికి వచ్చాం. అటు గుమ్మమూ లేదు, తాడూ లేదు, ఊళ్ళోవాళ్ళు సగం మంది అటునుంచే లోపలికి వెళ్తున్నారు. హోంగార్డుకి ఇంటినుంచి భోజనం వచ్చింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. తెచ్చిన కుర్రాడు సైకిలు మీద, అటునుంచే వచ్చాడు.