తగాదా డ్యాం దగ్గర కాదు, 85వ మైలు దగ్గర

నీటి పేచీ అనగానే అందరి చూపూ సాగర్ డ్యాం మీదికే పోతుంది. 2023 నవంబరు 30న ఆంధ్ర, తెలంగాణ పోలీసులు డ్యాం మీద ఎదురెదురుగా నిలబడ్డాక మరీను. కృష్ణా నీళ్లలో ఉమ్మడి రాష్ట్రానికి బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీలు, అందులో ఆంధ్రకు 512, తెలంగాణకు 299 అన్న 2015 నాటి తాత్కాలిక పంపకం, వీటి మీద వాదనలకు కొదవ లేదు. దర్శి, చీమకుర్తి వైపు చివరి భూముల రైతుకు మాత్రం అసలు లెక్క సాగర్ కుడి కాలువ ప్రకాశం జిల్లాలోకి దిగే 85/3 మైలు దగ్గరుంది.

కుడి కాలువ వాటా 132 టీఎంసీలు. నిండుగా 11,000 క్యూసెక్కులు పారినా రోజుకు ఒక టీఎంసీకి కాస్త తక్కువే. మొత్తం దిగాలంటే 139 రోజులు ఆగకుండా పారాలి. ఆ భాగ్యం ఎన్నేళ్లకోగాని పట్టదు.

వచ్చిన నీళ్లయినా కిందికి ఎందుకు చేరవు? తూము ఎంత లాగుతుందన్నది కాలువ మట్టాన్ని బట్టి ఉంటుంది. చివరికి అందడం లేదని విడుదల పెంచితే మట్టం లేచి, షట్టర్లు ఊడిన ఎగువ తూములే ముందు తాగేస్తాయి. తగ్గిస్తే దిగువ మేజర్ల (పెద్ద పిల్ల కాలువల) తూములకు నీళ్లు ఎక్కవు. దీనికి తోడు ఆరుతడి పంటలకే అని కేటాయించిన (లోకలైజ్ చేసిన) నేలలో వరి. ఒక టీఎంసీ అంటే 23,000 ఎకరాల్లో అడుగు లోతు నీరు; వరికి నాలుగడుగులు వేసుకుంటే 6,000 ఎకరాలు కూడా తడవవు. ఎగువ రైతుది అత్యాశ అని కొట్టిపారేయలేం. వచ్చే తడి వస్తుందన్న నమ్మకం లేనప్పుడు ఎవరైనా మడి నింపుకుంటారు.

నెల్లూరు వైపు చూడండి. చెన్నై తాగునీటి కోసం కుదిరిన 1983 తెలుగుగంగ ఒప్పందంలో 15 టీఎంసీల్లో 3 నష్టాల కింద ముందే తీసేశారు. మిగిలిన 12 తమిళనాడు సరిహద్దులో అప్పగించాలి: జూలై-అక్టోబరులో 8, జనవరి-ఏప్రిల్‌లో 4. కండలేరు జలాశయం నుంచి 152 కిలోమీటర్లు నడిచాక ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్‌లో కొలుస్తారు. పూర్తిగా ఇవ్వని ఏళ్లున్నాయి, నిజమే. కానీ ఎంత తగ్గిందో వేలు పెట్టి చూపే చోటుంది.

పొరుగు రాష్ట్రానికి రాసిచ్చినంత స్పష్టంగా సొంత జిల్లాకు ఎందుకు రాయరు? 85/3 దగ్గర గేజీ ఉంది. ఏ పక్షంలో ఎన్ని క్యూసెక్కులు దాటాలో హామీ లేదు. వారాబందీ (వంతులవారీగా నీళ్లిచ్చే) రోజులు కూడా పైన గేటెత్తిన పూట నుంచి లెక్కేస్తే, ఎండిన కాలువ తడిసి మట్టం లేచేసరికే వంతు సగం అయిపోతుంది. జిల్లా సరిహద్దులో అనుకున్న మట్టం అందిన గంట నుంచే లెక్కపెట్టాలి. ఎగువ తూములకు షట్టర్లు బిగించి తాళాలేయాలి. దారి నష్టం చివరి రైతు ఖాతాలో రాయకూడదు.

వేసవిలో తాగునీటి కోసం కాలువ వదిలినప్పుడు గట్ల మీద రాత్రింబవళ్లు కాపలా పెట్టి, కాలువలోని మోటార్ల పైపులు తీయించి రామతీర్థం జలాశయం దాకా నీళ్లు తెస్తున్నారుగా. మిరప తడికి ఆ పని చేయొద్దని ఏ ట్రిబ్యునల్ చెప్పింది?