నెయ్యి కొన్న రసీదు ఉందా?

రాజు వద్దని తుపాకులు పట్టిన దేశంలో రీజెంటు గారు ఉంటారంటే మొదట నమ్మలేదు. తీరా చూస్తే మా వెనక వీధిలోనే ఉన్నారు. రాజు పసివాడైతే ఆయన బదులు రాజ్యం ఏలే మనిషిని రీజెంటు అంటారని చిన్నప్పుడు చదువుకున్నాం. ఒహైయోలోని మా చిన్న ఊళ్లో మాత్రం నెలకోసారి లైబ్రరీ కింది గదిలో సమావేశం నడిపి, వచ్చే నెల కేకు ఎవరి వంతో తేల్చే డెబ్బై దాటిన ఆవిడను అలా పిలుస్తారు. 'డాటర్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్', పొట్టిగా డీఏఆర్ అనే సంస్థకు ఇక్కడి శాఖ పెద్ద ఆవిడే. దేశం మొత్తం మీద ఇలాంటి శాఖలు మూడు వేల దాకా ఉన్నాయి. అంటే రాజు పోయాడు గానీ రీజెంట్లకు కరువు లేదు.

ఈ సంఘంలో చేరడానికి పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. పద్దెనిమిదేళ్లు నిండిన ఆడమనిషై, 1776 నాటి స్వాతంత్ర్య పోరాటంలో అమెరికా పక్షాన నిలబడిన ఎవరో ఒకరికి రక్తసంబంధంలో వారసురాలై ఉంటే చాలు. ఆ ఒకరిని ఎంచుకోవడంలో మన ప్రయోజకత్వం ఏమీ లేదు కాబట్టి రాతపరీక్ష ఉండదు. దత్తత వెళ్లినవాళ్లకు పెంచిన ఇంటి వంశం చెల్లదు. పాలు పోసినవాళ్లు వేరు, వంశం వేరు.

అయితే మన దగ్గర ఉన్నంత అలుసు ఇక్కడ లేదు. 'మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి' అంటే మనవాళ్లు వాసన చూసి సరిపెట్టుకుంటారు. డీఏఆర్ వారు నెయ్యి కొన్న రసీదు అడుగుతారు. తాగినది ఆ తాతేనని, ఆ తాతకు పుట్టినవాళ్లకు పుట్టినవాళ్లకు పుట్టినది మీరేనని తరం తరానికీ కాగితం పెట్టాలి. పుట్టుక, పెళ్లి, చావు సర్టిఫికెట్లు లేని కాలమైతే వీలునామా, పన్నుల జాబితా, సమాధి రాయి, లేదంటే ఇంట్లోని బైబిల్లో ఎవరో పొందికగా రాసుకున్న పిల్లల పుట్టిన తేదీలు. ఇన్ని కాగితాలు నేను గ్రీన్ కార్డుకు కూడా పెట్టలేదు.

పూర్వీకుడు తుపాకీ పట్టి ఉండాలనీ లేదు. సైన్యానికి పిండో మాంసమో సరఫరా చేసినా, కొత్త ప్రభుత్వానికి విధేయంగా ఉంటానని సంతకం పెట్టినా దేశభక్తుడే. ఆ శాఖకు రిజిస్ట్రార్ మా పక్కింటావిడ. వాళ్ల పూర్వీకుడు ఎండుగడ్డి ఇచ్చాడట. "గుర్రం గడ్డి తినకపోతే జార్జ్ వాషింగ్టన్ ఎక్కడికి వెళ్లేవాడు చెప్పండి?" అని అడిగిందోసారి. నా దగ్గర జవాబు లేదు. ఈ లెక్కన 1921లో చీరాల-పేరాల జనం ఊళ్లు ఖాళీ చేసి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నప్పుడు, వాళ్లకు ఒక తాటాకు మోపు ఇచ్చినవాడి మునిమనవరాలు ఇవాళ మెడలో బిళ్ల వేసుకుని తిరగొచ్చు. రసీదు ఉంటేనే సుమా.

బిళ్ల అంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి చరిత్ర వ్యాసం రాస్తే ఈ శాఖవాళ్లు సర్టిఫికెట్ ఇస్తామని పిలిచారు. అలా ఆ కింది గదిలోకి వెళ్లాను. ప్రార్థన, జెండాకు ప్రమాణం, జాతీయగీతం అన్నీ వరసగా అయ్యాయి. అందరికీ ఎడమవైపు, గుండె మీద, నీలం తెలుపు రిబ్బను. దాని మీద వాళ్ల చిహ్నం. ఏమిటా అని వంగి చూస్తే రాట్నం! చుట్టూ పదమూడు నక్షత్రాలు, మొదటి పదమూడు రాష్ట్రాలకు గుర్తు. బ్రిటిష్ బట్ట మానేసి ఇంట్లోనే నూలు వడికిన ఆడవాళ్ల జ్ఞాపకం. మన గాంధీగారికి నూట యాభై ఏళ్ల ముందే రాట్నం ఇక్కడ తెల్లవాడి మీద తిరిగిందన్నమాట, తిప్పినవాళ్లూ తెల్లవాళ్లే అయినా. రుజువైన ప్రతి పూర్వీకుడికీ ఆ రిబ్బను మీద ఒక పట్టీ పెంచుకోవచ్చు. నా ముందు వరసలో ఒకావిడకు పట్టీల బరువుకి కోటు ఎడమవైపు కిందికి జారిపోతుంటే, మాటిమాటికీ భుజం ఎగరేసి తాతలందరినీ పైకి లాక్కుంటోంది.

అసలు ఈ సంఘం పుట్టుకే ఒక అలక. 1889లో మగవాళ్లు 'సన్స్ ఆఫ్ ది అమెరికన్ రివల్యూషన్' పెట్టుకుని, మర్నాటి ఏడాది ఆడవాళ్లను రానివ్వం పొమ్మన్నారు. మేరీ లాక్‌వుడ్ అనే ఆవిడకు ఒళ్లు మండి, హన్నా ఆర్నెట్ కథ 1890 జులైలో వాషింగ్టన్ పోస్టులో రాసింది. యుద్ధం ఓడిపోయేలా ఉందని, బ్రిటిష్‌వాళ్ల క్షమాభిక్ష తీసుకుందామని న్యూజెర్సీలో మగవాళ్లు ఒక ఇంట్లో కూర్చుని గుసగుసలాడుతుంటే, ఆ ఇంటి ఇల్లాలు లోపలికొచ్చి, తీసుకుంటే నీకూ నాకూ చెల్లు అని మొగుడి మొహానే అన్నదని కథ. ఆ అక్టోబరులోనే డీఏఆర్ మొదలైంది. మగవాళ్లు మొహాన తలుపు వేస్తే, ఆడవాళ్లు ఇంకో ఇల్లు కట్టుకుని దానికీ అదే కొలతల తలుపు పెట్టించారు.

ఆ తలుపు చప్పుడు 1939లో బాగా వినబడింది. గాయని మేరియన్ ఆండర్సన్ వాషింగ్టన్‌లోని వాళ్ల కాన్‌స్టిట్యూషన్ హాల్లో పాడతానంటే, నల్లజాతి మనిషి కాబట్టి ఇవ్వలేదు. ప్రెసిడెంటు భార్య ఎలినోర్ రూజ్‌వెల్ట్ సభ్యత్వానికి రాజీనామా చేసింది. ఈస్టర్ ఆదివారం నాడు లింకన్ స్మారకం మెట్ల మీద ఆండర్సన్ పాడితే 75 వేల మంది విన్నారు. హాలు ఇచ్చి ఉంటే మూడు వేల ఏడు వందల మందికి మించి పట్టేవారు కాదు. సంగీతానికి ఇంత సేవ చేసిన సంస్థ మరొకటి లేదు. సంస్థకు తెలిసి ఒక నల్లజాతి మహిళ, కరెన్ బ్యాచిలర్, సభ్యురాలు కావడానికి 1977 దాకా పట్టింది. విప్లవం కదా, నిదానంగా వస్తుంది.

నవ్వుతున్నాను గానీ, నేను పౌరసత్వ ప్రమాణం చేసిన రోజు కోర్టు బయట చిన్న జెండా చేతిలో పెట్టి "స్వాగతం" అన్నది ఈ ఆడవాళ్లే. 1938లో ప్రెసిడెంటు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ వాళ్ల సభకే వెళ్లి, మీరూ నేనూ వలస వచ్చినవాళ్ల, తిరగబడినవాళ్ల సంతతేనని గుర్తుపెట్టుకోండన్నాడు. మన తెలుగువాళ్లకు ఎవరూ గుర్తుచెయ్యక్కర్లేదు. 2000 నాటి వైటూకే కాలంలో దిగినవాళ్లు ఇప్పటికే తొలినాటి వలసవాళ్లను తెచ్చిన మేఫ్లవర్ ఓడలో వచ్చినట్టు మాట్లాడతారు. "మేమొచ్చినప్పుడు కరివేపాకు కోసం మూడు గంటలు డ్రైవ్ చేసేవాళ్లం తెలుసా" అనేది వాళ్ల వ్యాలీ ఫోర్జ్, అంటే వాషింగ్టన్ సైన్యం చలికీ ఆకలికీ ఓర్చుకున్న చోటు. నిన్నగాక మొన్న వీసా లాటరీలో వచ్చిన కుర్రాళ్లు ప్లేటు పట్టుకుని ఆ కథ వింటారు. నేనైతే వీసా మంజూరైందని చెప్పే నా ఐ-797 కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లలో దాచాను. రేపు మునిమనవరాలికి 'డాటర్స్ ఆఫ్ ది హెచ్-వన్-బీ'లో ఇబ్బంది రాకూడదు.

ఆ రోజు సమావేశం అయ్యాక పక్కింటావిడ తన ఫైలు చూపించింది. కొత్త పూర్వీకుడి కోసం మూడేళ్లుగా వెతుకుతోందట. ఒక గడి దగ్గర ఆగిపోయింది: 'మేరీ, ఇంటిపేరు తెలియదు'. 1850కి ముందు ఇక్కడి జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే రాసేవారు, మిగతావాళ్లు అంకెలు. అంటే ఆడవాళ్ల సంఘం కాగితాల్లో చివరికి దొరకనిది ఆడవాళ్లే. "మీ ముత్తవ్వ పేరేమిటి?" అని అడిగింది. గోత్రం, ప్రవర, ఇంటిపేరు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగిన నేను నీళ్లు నమిలాను.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మమ్మ వాళ్లమ్మ పేరేంటే?"

"బుల్లెమ్మ అనేవారు."

"అది పిలుపు పేరు. అసలు పేరు?"

"ఏమోనే, మీ తాతయ్యకి తెలుసేమో. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది. ఇప్పుడెందుకిదంతా, పెళ్లి సంబంధమా?"

మర్నాడు పక్కింటావిడకి చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. ఒక ఖాళీ వంశవృక్షం కాగితం తీసి, పై గడిలో 'బుల్లెమ్మ' అని నాచేతే పలికించి రాసుకుని, పక్కన 'తెలియదు' అని పెన్సిల్‌తో చేర్చింది. తర్వాత డ్రాయరు లాగి, శాఖ పేరు అచ్చువేసిన పెన్సిల్ ఒకటి నాకూ ఇచ్చింది, రబ్బరు ఉన్నది.