మెయిలు తెరవని జనాన్ని దారిలో పెట్టడం ఎలా?

తిరుపతి వ్యాపారస్తులకి ఈ మధ్య కొత్త దిగులు పట్టుకుంది. సరుకు కదలడం లేదని కాదు, గాంధీ రోడ్డులో అద్దెలు పెరిగాయని కూడా కాదు. జనం మెయిళ్ళు తెరవడం లేదట. చీరల షాపు, బస్టాండు దగ్గర లాడ్జి, రక్తపరీక్షల సెంటరు, పచ్చళ్ళ అంగడి, ఎవర్ని కదిపినా ఇదే ఏడుపు. వారానికి మూడు పంపిస్తున్నాం సామీ, పండగొస్తే ఐదు, ఒక్కరంటే ఒక్కరు తెరిచి చూడరు. ఇంత విశ్వాసం లేని జనాన్ని ఎక్కడైనా చూశామా? మెయిల్ ఐడీ వాళ్ళంతట వాళ్ళే కదా ఇచ్చింది! "ఈమెయిల్ చెప్పండి సార్, లేకుంటే సిస్టమ్ బిల్లు తీసుకోదు" అని కౌంటర్లో అబ్బాయి అంటుంటే, వెనకాల క్యూలో వాళ్ళు సణుగుతుంటే, చంకలో పిల్లోడు ఏడుస్తుంటే ఇచ్చారు, ఆ మాట నిజమే. ఎట్లా ఇచ్చినా ఇచ్చినట్టే.

ఈ సమస్య మీద నేను చాలా లోతుగా ఆలోచించాను. తప్పు పూర్తిగా కస్టమర్లదే అని తేలింది. వాళ్ళని దారిలో పెట్టే మార్గాలు కూడా ఉన్నాయి, మన ఊళ్ళో చాలామంది ఇప్పటికే అమలు చేస్తున్నారు.

ఈ విద్యకి మూలపురుషుడు గ్యారీ థ్యూర్క్ అనే అమెరికా పెద్దమనిషి. 1978 మే 3న ఆయన డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ వాళ్ళ కొత్త కంప్యూటర్ల గురించి ఇంటర్నెట్‌కి తాతలాంటి ఆర్పానెట్‌లో దాదాపు 400 మందికి ఒకే మెయిలు పంపించాడు, ఎవర్నీ అడక్కుండా. వాళ్ళు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు, ఇంకోసారి ఇట్లాంటి పని చేయొద్దని గట్టిగా చెప్పారు కూడా. అయితేనేం, మిషన్లు బ్రహ్మాండంగా అమ్ముడుపోయాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు. ఈ కథని మార్కెటింగ్ ట్రైనింగుల్లో చెప్పేటప్పుడు తిట్ల భాగం ఎగిరిపోతుంది, టైం చాలదు కాబట్టి.

ఇక సబ్జెక్ట్ లైన్. అసలు ప్రాణమంతా అక్కడే. ఫోన్‌లో నాలుగైదు మాటల కంటే ఎక్కువ కనపడవు, ఆ నాలుగైదు మాటల్లోనే మనిషికి బీపీ పెరగాలి. "చివరి అవకాశం!!!" అనేది పాత మందు, సోమవారం చివరి అవకాశం, బుధవారం నిజంగా చివరి అవకాశం, శనివారం మీ కోసమే పొడిగించిన చివరి అవకాశం. ఇది ఇప్పుడు ఎక్కడం లేదు. అందుకని ముందుకెళ్ళిన వాళ్ళు "మీ ఆర్డర్ గురించి" అని పెడుతున్నారు, ఆ మనిషి ఏ ఆర్డరూ పెట్టకపోయినా. ఇంకా తెలివైన వాళ్ళు ముందు "రీ:" తగిలిస్తారు, తను ఏదో రాస్తే జవాబొచ్చిందేమో అని మనిషి కంగారుపడి తెరుస్తాడు. సబ్జెక్టులో ఒకటి రాసి లోపల ఇంకోటి పెట్టకూడదని అమెరికా వాళ్ళు 2003లోనే చట్టం చేసుకున్నారు. ఆ చట్టం ఇంకా రేణిగుంటలో విమానం దిగలేదు గనక మనకి ఢోకా లేదు.

పేరు పెట్టి పిలిస్తే తెరుస్తారని కూడా నిపుణులు చెప్తారు. మంచిదే. కాకపోతే ఆ సాఫ్ట్‌వేర్ రాసినోళ్ళకి మన పేర్ల సంగతి తెలీదు, మొదటి మాట పట్టుకుని పిలిచేస్తుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు పెట్టుకునే మన మునిరత్నాలకి, వెంకటరమణలకి "హాయ్ కె! నీకోసం ఒక సర్‌ప్రైజ్" అని వస్తుంది. డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ హెడ్మాస్టరుని "హాయ్ కె, మిస్ అవుతున్నాం నిన్ను" అని పిలిచిన నగల షాపు మీద ఆయనకి కోపం ఎందుకొచ్చిందో ఆ షాపు వాళ్ళకి ఇప్పటికీ అంతుబట్టలేదు.

అసలు మన ఊరి జనం మెయిళ్ళు తెరవరన్నదే అబద్ధం. తిరుమల ఆర్జిత సేవలకి లాటరీ తీసే ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరిచ్చిన మనిషిని, ఫలితం వచ్చే రోజు ఒకసారి గమనించండి. పొద్దున్నుంచి ఫోను చేతిలోనే ఉంటుంది. ఇన్‌బాక్స్ చూస్తాడు, మెసేజులు చూస్తాడు, జన్మలో తెరవని స్పామ్ ఫోల్డరు కూడా తవ్వి చూస్తాడు, కొడుకుని పిలిచి "నువ్వొకసారి చూడరా, నాకు కనపడలేదేమో" అంటాడు. ఆ కబురులో బొమ్మలుండవు, "త్వరపడండి" అని ఉండదు, ఎమోజీలు అసలే ఉండవు. అయినా చూస్తాడు, ఎందుకంటే అది ఆయనకి కావాలి. 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు కూడా అంతే, ఎవరూ ఎవరికీ రిమైండర్ పంపనక్కర్లేదు.

మామూలు మనిషైతే దీన్ని చూసి, జనానికి కావాల్సింది పంపిస్తే తెరుస్తారు కాబోలు అనుకుంటాడు. మార్కెటింగ్ వాళ్ళు అంత అమాయకులు కారు. మన మెయిలు కూడా చూడ్డానికి అట్లాగే ఉంటే సరిపోతుంది కదా అనుకుంటారు. అట్లా పుట్టిందే ఒక చీరల షాపు వాళ్ళ "సుప్రభాతం: అభినందనలు, మీరు ఎంపికయ్యారు" అనే మెయిలు. ఓ పెద్దావిడ సబ్జెక్టు వరకు చదివి కళ్ళకద్దుకుంది, మదనపల్లిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది, బట్టలు కూడా సర్దబోయింది. మనవరాలొచ్చి తెరిచి చూస్తే ఉదయం పదకొండు లోపల కొనేవాళ్ళకి పట్టుచీరల మీద పది శాతం తగ్గింపు. ఆ సాయంత్రం ఆ ఇంట్లో జరిగిన చర్చ ఇక్కడ రాయలేను. మెయిలు తెరిచారా లేదా? తెరిచారు. షాపు వాళ్ళకి కావాల్సింది అదే.

ఆ తర్వాత మనవరాలు స్పామ్ బటన్ నొక్కింది, అది వేరే విషయం. వేరే విషయమే గానీ ఇప్పుడు పెద్ద తలనొప్పి అయింది. జీమెయిల్ వాడు 2013లోనే ప్రమోషన్స్ అని ఒక అర చేసి మన మెయిళ్ళన్నీ అందులోకి తోశాడు. అది చాలక 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఒక్కమాట మీదికొచ్చి రూల్స్ పెట్టాయి. జీమెయిల్ వాళ్ళకి రోజుకి 5,000 దాటి పంపేవాడు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు పెట్టుకోవాలి, అంటే ఈ మెయిలు ఫలానా షాపు పంపిందేనని రుజువు చూపించాలి, అలిపిరి దగ్గర కొండకెళ్ళే బండిని ఆపి బ్యాగులు స్కాన్ చేసినట్టు. ఒక్క నొక్కుతో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే దారి ఇవ్వాలి, అట్లా అడిగినవాళ్ళని రెండు రోజుల్లో లిస్టు నుంచి తీసెయ్యాలి. స్పామ్ అని నొక్కినవాళ్ళు 0.3 శాతానికి చేరకూడదు. అంటే వెయ్యి మందిలో ముగ్గురు! మన పెద్దావిడ బంధువర్గం చాలు.

ఒక్క నొక్కుతో పోనివ్వడం మన సంప్రదాయం కాదు కదా. ఇంటికొచ్చినవాళ్ళు వెళ్తామంటే రెండుసార్లైనా "ఉండండి" అంటాం. అందుకే ఆ లింకుని మెయిలు అడుగున, తెల్లకాగితం మీద లేతబూడిద రంగులో, చీమ కూడా కళ్ళద్దాలు పెట్టుకుని వెతికేలా పెట్టారు. మెయిలు 102 కేబీ దాటితే జీమెయిల్ అక్కడికి కత్తిరించేస్తుంది, కాబట్టి కోడ్ బాగా దట్టించి కూరితే ఆ లింకు అసలు కనపడదు. దారి దొరకనివాళ్ళు ఏం చేస్తారు? పైన పెద్దగా కనిపించే స్పామ్ బటనే నొక్కుతారు. ఇంత చిన్న లెక్క ఎవరికీ తట్టలేదంటే నమ్మబుద్ధి కాదు గానీ, నిజం.

లిస్టు శుభ్రం చేసుకోవాలని, నెలల తరబడి తెరవనివాళ్ళకి ఆపేయాలని ఇంకొందరి వాదన. లాడ్జి ఓనర్లకి ఇది చెప్పి చూడండి, మీద పడతారు. సోలాపూర్ నుంచి దర్శనానికొచ్చి ఎప్పుడో ఒక్కరాత్రి పడుకుని వెళ్ళిన కుటుంబానికి ప్రతి శుక్రవారం "ఈ వీకెండ్ మా ఏసీ రూముల్లో" అని పంపిస్తుంటారు. పాపం వాళ్ళు వచ్చేది ఏడాదికోసారి, అదీ టికెట్ దొరికితే. ఆ టికెట్లు వదిలే నాలుగు రోజుల్లో ఒక్క మెయిలు పంపితే గది బుక్ చేసుకునేవాళ్ళేమో. కానీ లిస్టులో లక్ష మంది ఉన్నారని చెప్పుకోవడంలో ఉన్న మర్యాద, గది నిండడంలో ఎక్కడుంది?

ఇంతకీ తెరిచారని ఎట్లా తెలుస్తుంది అంటారా? మెయిల్లో కంటికి కనపడని చుక్కంత బొమ్మ ఒకటి పెడతారు, అది లోడ్ అయితే తెరిచినట్టు లెక్క. 2021 సెప్టెంబరులో యాపిల్ వాడు ఐఫోన్ మెయిల్ యాప్‌లో ఒక ఏర్పాటు చేశాడు, దానికి ఒప్పుకున్నవాళ్ళ మెయిళ్ళలో బొమ్మలన్నీ మనిషి తెరిచినా తెరవకపోయినా వాడి సర్వర్లే ముందుగా లోడ్ చేసి పెడతాయి. దాంతో ఐఫోన్ కస్టమర్లందరూ మనకి వీరాభిమానులైపోయారు, నిద్రలో కూడా మెయిళ్ళు తెరుస్తున్నారు. గ్రాఫు పైకి లేచింది, ఓనరు స్టాఫ్‌కి బిర్యానీ పెట్టించాడు. బొమ్మలు ఆపుకుని అక్షరం అక్షరం చదివే కస్టమరు మాత్రం లెక్క ప్రకారం తెరవని ద్రోహి.

మన జిల్లాల పరువు తీసే మనుషులు కూడా లేకపోలేదు. దామలచెరువు వైపు ఒకాయన మామిడికాయలు పంపిస్తాడు. ఏడాదికి ఒకే మెయిలు, కాయ దిగినప్పుడు. సబ్జెక్టు "బేనీషా దిగింది". లోపల రేటు, బాక్సులో ఎన్ని కిలోలు, ఎప్పటికి చేరుతుంది, ఫోన్ నంబరు, అంతే. బెంగళూరులో, చెన్నైలో ఉన్న మనవాళ్ళు మే నెల వస్తే దానికోసం చూస్తుంటారు, ఆలస్యమైతే వాళ్ళే రాస్తారు, "అన్నా, ఈసారి కాయ లేదా?" అని. వ్యాపారం ఇంత నాటుగా జరుగుతుంటే చూడలేక ఆయన కొడుకు ఒక మార్కెటింగ్ ఏజెన్సీకి పని అప్పజెప్పాడు. జనవరిలో "పూత శుభాకాంక్షలు"తో మొదలైంది. ప్రేమికుల రోజుకి ఒకటి, ఉగాదికి మూడు, మధ్యలో మామిడి గురించి మీకు తెలియని విషయాలు. పంపే అడ్రసు కూడా "నో-రిప్లై" అని నీటుగా మార్చారు.

కాయ దిగింది. యథాప్రకారం బెంగళూరు నుంచి పాత కస్టమరు ఒకాయన ఆ మెయిలుకే జవాబు కొట్టాడు: "నాలుగు బాక్సులు పంపన్నా, అమ్మకి ఇంకో రెండు". అది ఎక్కడికి చేరాలో అక్కడ మనిషే లేడు. డ్యాష్‌బోర్డులో మాత్రం ఆయన పేరు పక్కన "తెరిచారు" అని పచ్చగా మెరుస్తోంది. ఏజెన్సీ పంపిన బిల్లు అయితే ప్రమోషన్స్‌లోకి పోకుండా నేరుగా ఇన్‌బాక్సులోనే పడింది.